కొబ్బరిచెట్లు చూసి దిగినవాడు

అప్పనపల్లి
2 డిసెంబరు 2024

తమ్ముడు సూర్యారావుకి అక్క అప్పాయమ్మ దీవించి రాసేది.

నువ్వు ఫోను చేశావని మా కోడలు ఉమాదేవి నా చెవి దగ్గర పెట్టింది. నీ అరుపు గుడి దగ్గర క్యూలో ఉన్నవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది గానీ నాకు ఒక్క ముక్క తెలియలేదు. చెవులు పోయాయి, కళ్ళు ఇంకా ఉన్నాయి. కాబట్టి ఇకమీదట కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీయించి ఉమాదేవి ఫోనుకి పంపు. అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తుంది. నేనూ అలాగే పంపుతాను.

అబ్బులు మలికిపురం నుంచి హంపీకి బస్సు వేస్తున్నాడని, అందులో నువ్వు సీటు రాయించుకున్నావని తెలిసింది. మంచిదే. నీకు రాళ్ళూ రాజులూ అంటే పిచ్చి. నాకు మాత్రం ఆ పక్కన ఒక పని ఉంది.

మన పిన్ని కూతురు వీరాయమ్మ గుర్తుందా? నా ఈడుది. నీకు చిన్నక్క. పెళ్ళి చేసుకుని, తుంగభద్ర కాలవ కింద పొలాలు కొనుక్కుని వెళ్ళినవాళ్ళతో గంగావతి వైపు వెళ్ళిపోయింది. ఇంటి ముందు కొబ్బరిచెట్లు నాటుకున్నామని చివరి ఉత్తరంలో రాసింది. తరవాత పిన్ని పోయింది, బాబాయి పోయాడు, అన్నదమ్ములు ఎలాగూ లేరు. ఉత్తరాలు ఆగిపోయాయి.

మొన్న కార్తీకంలో వాళ్ళ క్యాంపు మనిషి ఒకాయన (అక్కడ మనవాళ్ళు కట్టుకున్న ఊళ్ళని క్యాంపులంటారట) మా ఊరి బాలబాలాజీ దర్శనానికి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఉమాదేవితో మాటల్లో వీరాయమ్మ సంగతి వచ్చింది, అది నాకు రాసి చూపించింది. ఆవిడ బస్సు దిగిన ప్రతి మనిషినీ చూస్తుందట. 'ఇన్నేళ్ళలో మా పుట్టింటి మనిషి ఒక్కడు కూడా నా గడప తొక్కలేదు' అని అందరితోనూ అంటుందట. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. అన్నదమ్ములు లేకపోతే ఏం, నువ్వు లేవా?

బండారులంకలో చీర నేయించాను. నెమలికంఠం రంగు, ఎర్ర అంచు. చీర, రవికెల గుడ్డ, పసుపు కుంకుమలు మూట కట్టి పంపుతున్నాను. తమ్ముడిగా నీ చేత్తో ఆవిడ చేతిలో పెట్టాలి. కుంకుమ పొట్లం మాత్రం వాళ్ళాయన ఉన్నాడో లేదో చూసి ఇవ్వు. ఆయన సంగతి ఆ మనిషిని అడిగించడం మరిచాను.

క్యాంపు పేరు ఏడో తూము క్యాంపు. కాగితం మీద రాసి మూటలో పెట్టాను. అడిగి, తెలుసుకుని దిగు. మాట్లాడటం తగ్గించు.

అక్క

*

మలికిపురం
5 డిసెంబరు 2024

అక్కకి తమ్ముడు సూర్యం వందనాలు. ఇక్కడ అందరం కులాసా. నువ్వు కూడా అన్నం తింటే ఇంకా కులాసా.

మూట అందింది. ఆ చీర చూసి మా ఇంటావిడ నాతో రెండు పూటలు మాట్లాడలేదు. అదీ ఒక లాభమే.

మాట్లాడటం తగ్గించమన్నావు. అక్కా, నేను మాట్లాడకపోతే హంపీకి వెళ్ళి లాభమేమిటి? నా చదువు నీకు తెలుసు. వీధిబడి అయ్యాక, సుబ్బయ్యశెట్టి కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలన్నీ విప్పుకుని చదివినవాణ్ణి. రాయలవారి చరిత్ర సగం బెల్లం పొట్లం మీద చదివాను. పట్టాభిషేకం అయింది, సేనలు బయలుదేరాయి, అక్కడ కాగితం చిరిగిపోయింది. మిగతా సగం ఎవరింటికి వెళ్ళిందో, ఏ పెసరపప్పు కట్టుకుని వెళ్ళిందో. అరవై ఏళ్ళుగా ఆ సేనలు నా బుర్రలో అలా నడుస్తూనే ఉన్నాయి. ఇన్నాళ్ళకి వాటి వెనకాల నేనూ బయలుదేరుతున్నాను.

వీరాయమ్మ అక్క సంగతి నువ్వు బెంగపడకు. పెళ్ళినాటికి నేను చిన్నవాణ్ణే. ఆ పెళ్ళిలో బూరెలు మాత్రం బాగా గుర్తున్నాయి. అయినా రక్తసంబంధం, చూడగానే తెలిసిపోదా?

రేపు పొద్దున్నే బస్సు. నీ చీర నా ఒళ్ళోనే ఉంటుంది. పైన పెడితే అబ్బులు దానిమీద గ్యాసు పొయ్యి పెట్టేస్తాడు.

తమ్ముడు

*

హోస్పేట
8 డిసెంబరు 2024

అక్కకి వందనాలు. ఉదయం నుంచి సాయంత్రం దాకా హంపీలో తిరిగి, లాడ్జిలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. కాళ్ళు వాచాయి. మనసు ఇంకా అక్కడే తిరుగుతోంది.

ఎక్కడ మొదలుపెట్టను? ముందు కొండలు. ఎవరో పెద్ద పని మొదలుపెట్టి, బండలన్నీ తెప్పించి, కుప్పలు పోయించి, కూలీలు రాక వదిలేసినట్టున్నాయి. వాటి మధ్య పచ్చగా అరటితోటలు. పండు మన చక్కెరకేళిలా ఉంటుంది, ఏలక్కి అంటారట. ఆ తోటలకి నీళ్ళు ఎక్కడివి అని అడిగాను. రాజులు తవ్వించిన కాలవేనట, ఇప్పటికీ పారుతోంది. కోటలు పడిపోయాయి, కాలవ మాత్రం పని చేస్తోంది. ఆ గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టాను. గైడు 'దేవుడు అటుపక్కనండీ' అన్నాడు. వాడికి వ్యవసాయం లేదు పాపం.

విఠలస్వామి గుడిలో రాతిరథం ఉంది. చక్రాలూ ఇరుసులూ అన్నీ రాయే. మన అంతర్వేది రథం కదలడానికి ఊళ్ళు ఊళ్ళు తాళ్ళు పట్టుకుంటాయే, ఈ రథం కదలకుండానే లోకాన్నంతటినీ తన దగ్గరికి లాక్కుంటోంది. ఏనుగుల సాలలో ఒక్కో ఏనుగుకి ఒక్కో గుమ్మటం. మన అబ్బులుకి లాడ్జిలో మనిషికో మంచం ఇవ్వడమే చేతకాలేదు.

ఇంకొకటి చెబుతాను, నమ్ము. రాతి విస్తళ్ళు ఉన్నాయి. కాలవ పక్కన వరసగా పలకలు, వాటిలో చెక్కిన కంచాలు. అన్నానికి పెద్ద గుంట, చుట్టూ కూరకో గుంట, పప్పుకో గుంట, పచ్చడికో గుంట. భోంచేసి లేస్తే కాలవ నీళ్ళతో కడిగేసుకోవడమే. నేను కూర్చుని చూశాను. నెయ్యికి వేరే గుంట ఉందా అని వెతుకుతుంటే కాపలావాడు లేపేశాడు.

చివర నరసింహస్వామి. ఎంత విగ్రహమనుకున్నావు, మెడ ఎత్తి చూస్తే తలపాగా పడిపోవాలి. మన అంతర్వేది స్వామికి ఇక్కడింత పెద్ద అన్నగారున్నారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తొడ మీద లక్ష్మీదేవి ఉండేదట, విరిగిపోయింది. ఆవిడ చెయ్యి మాత్రం స్వామి నడుము వెనకాల అలాగే ఉండిపోయిందని గైడు చెప్పాడు. మనిషి లేదు, పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఎందుకో వీరాయమ్మ అక్క గుర్తొచ్చి అక్కడ కాసేపు మాట్లాడలేకపోయాను. బస్సులో వాళ్ళంతా నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు.

ఎల్లుండి బస్సు మంత్రాలయం వెళుతుంది. నేను వెళ్ళను. గంగావతి దారి పడతాను. నా అక్కని చూస్తాను.

తమ్ముడు

*

అప్పనపల్లి
9 డిసెంబరు 2024

తమ్ముడూ,

రాళ్ళ సంగతి చదివాను. నరసింహస్వామి దగ్గర రెండోసారి చదువుకున్నాను.

చీర నలగనివ్వకు. దిగేముందు క్యాంపు పేరు చూసుకో. వీరాయమ్మ ఇప్పటికీ అంత పొడుగ్గానే ఉందా, వంగిందా, అది రాయి.

అక్క

*

క్యాంపు
11 డిసెంబరు 2024

అక్కకి కోటి దణ్ణాలు. మన చిన్నక్క దొరికింది.

కాగితం తడవకూడదని పక్కకి తిరిగి రాస్తున్నాను. వివరంగా చెబుతాను, తొందరపెట్టకు.

గంగావతిలో ఆటో ఎక్కాను. డ్రైవరు తెలుగువాడే. ఏడో తూము క్యాంపు అన్నాను. కాలవ వెంట వెళుతున్నాం. రెండు పక్కలా వరి, మన లంక గాలి లేదనే గానీ పచ్చదనం మనదే. ఇంతలో కాలవ గట్టున ఒక పెంకుటిల్లు, ముందు కొబ్బరిచెట్లు. అక్కా, ఆ చెట్లు నాటిన తీరు చూడాలి. ఎడం మనది, పాదు కట్టడం మనది, పాదుల్లో కొబ్బరి డొక్కలు తిరగేసి పరచడం మనది. కన్నడం వాడు చచ్చినా అలా పరచడు. 'ఆపవయ్యా, ఇదే' అన్నాను. 'మీరు చెప్పిన క్యాంపు ఇంకా ముందుందండి' అన్నాడు వాడు. ఊరి పేరు బోర్డు మీద ఎవరైనా రాయొచ్చు. కొబ్బరిపాదు మా వాళ్ళు తప్ప ఎవరు కడతారు? దిగిపోయాను.

అరుగు మీద బావగారు పేపరు చదువుకుంటున్నారు. తాటిచెట్టంత మనిషి, కూర్చున్నా నా భుజం దాకా వచ్చారు.

'బావగారూ, నేనండి, కోనసీమ నుంచి వచ్చేను' అన్నాను.

ఆయన ఒక్క క్షణం చూసి, పేపరు మడిచి, 'ఆయ్, రండి రండి. కాళ్ళు కడుక్కోండి. ఇదిగో, మీ వాళ్ళొచ్చేరు' అని లోపలికి కేకేశారు.

ఎవరని అడగలేదు చూశావా. గోదావరి మర్యాద ఎక్కడికి పోతుంది? వచ్చిన మనిషిని ఎవరు నువ్వని అడిగితే ఆ ఇంటి అన్నం సయిస్తుందా?

అక్క బయటికి వచ్చింది. చిన్నగా, సన్నగా, ముడతలు పడిన మొహం. చూడగానే నాకు పిన్ని కనపడింది. 'అక్కా, నీ తమ్ముణ్ణి. పుట్టింటి చీర తెచ్చాను' అని మూట చేతిలో పెట్టాను. బావగారు ఎదురుగా ఉన్నారు కదా, కుంకుమ పొట్లం కూడా ధైర్యంగా ఇచ్చేశాను. ఆవిడ చీర వంక చూసింది, నా వంక చూసింది, నోరు తెరిచింది. నాకు అప్పటికే కళ్ళు నిండి ఏడుపొచ్చేసింది. ఆవిడ తెరిచిన నోరు మూసుకుని, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తరవాత గోడకి తిరిగి ఆవిడ కూడా ఏడ్చింది.

ఏం భోజనం పెట్టారనుకున్నావు. గుత్తివంకాయ, ముక్కల పులుసు, గోంగూర, దానితో ఈ దేశపు జొన్నరొట్టె. అక్క స్టూలు ఎక్కి అటక మీది ఆవకాయ జాడీ స్వయంగా దించింది. కొడుకు అంజిబాబు, మంచివాడు, నన్ను మావయ్యగారూ మావయ్యగారూ అని ఒక్క నిమిషం వదలడం లేదు. ఈ ఉత్తరం ఫోటో తీసి పంపేదీ వాడే. నువ్వు రాసేవీ వాడి ఫోనుకే వస్తాయి.

అక్క పెద్దగా మాట్లాడదు. నేను హంపీ సంగతులు చెబుతుంటే ఎదురుగా కూర్చుని 'ఆయ్, అలాగాండీ' అంటూ వింటుంది. మన ఇళ్ళల్లో ఇంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్ళు ఎవరున్నారు చెప్పు?

నీ తమ్ముడు, ఆవిడ తమ్ముడు కూడా

*

అప్పనపల్లి
11 డిసెంబరు 2024, సాయంత్రం

ఒరే సూర్యం,

ఉమాదేవి చేత అక్షరాలు పెద్దవి చేయించి మూడుసార్లు చదివాను.

వీరాయమ్మ స్టూలు ఎక్కిందా? వీరాయమ్మ ఎప్పుడైనా దేనికైనా స్టూలు ఎక్కిందా? మన పెరట్లో అందరం గెడ కట్టి లాగే జామకాయలు అది చెయ్యి ఎత్తి కోసేది. పెళ్ళిలో పెళ్ళికొడుకు దాని తల మీద జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి అందడం లేదని పీట మీద పీట వేసి కూర్చోబెట్టారు. బాబాయి సిగ్గుతో పందిట్లోంచి వెళ్ళిపోయాడు. నువ్వు బూరెలు తింటున్నావు కాబట్టి చూడలేదు. ఆ పీట మీద పీట వేయించుకున్న బావ ఇప్పుడు తాటిచెట్టంత అయ్యాడా?

ఇంకా ఉంది. వీరాయమ్మ మాట్లాడదా? అది మాట్లాడటం మొదలుపెడితే పాలేరు ఎడ్లు విప్పడం మరిచిపోయేవాడు. ఏ అక్కయినా తమ్ముణ్ణి 'అలాగాండీ' అంటుందా? నేను నిన్ను ఎప్పుడైనా అన్నానా?

ఆవిడ వీరాయమ్మ కాదని నాకు అనుమానంగా ఉంది. అసలు ఆవిడ ఎవరు? పుట్టింటి చీర తమదో కాదో చూడకుండా తీసుకున్న మనిషి ఎలాంటి మనిషి? నువ్వు ఆవిడని ఒక్క మాటయినా మాట్లాడనిచ్చావా?

వెంటనే పేరు అడుగు.

అక్క

*

క్యాంపు
12 డిసెంబరు 2024

అక్కకి వందనాలు. నీ ఉత్తరం చదివి మనసు కష్టపెట్టుకున్నాను.

మనిషి వయసొస్తే కుంగదా? నేను కుంగలేదా? ఇక బావగారి పొడుగు. ఈ దేశంలో నీళ్ళు వేరు, తిండి వేరు. జొన్న తింటే మనిషి సాగుతాడేమో ఎవరు చూశారు. 'అండీ' అనడం అంటావా, ఇక్కడ పరాయి భాష మధ్య ఉండి మన భాష మీద గౌరవం పెరిగింది. నేను పెద్దవాణ్ణయ్యాను, నాకు ఆ మాత్రం మర్యాద రాకూడదా?

పేరు అడగమన్నావు. సొంత అక్కని నీ పేరేమిటని ఎలా అడగమంటావు? ఆ ఇంట్లో ఆవిడ పేరు ఎవరూ పలకరు. కొడుకు అమ్మా అంటాడు, కోడలు అత్తయ్యగారూ అంటుంది, పిల్లలు మామ్మా అంటారు, బావగారు ఇదిగో అంటారు. మన ఇళ్ళల్లో మాత్రం నిన్ను అప్పాయమ్మా అని ఎవరు పిలుస్తున్నారు? అన్నం పెట్టిన చేతిని ఇది ఎవరి చెయ్యి అని అడిగేంత నీచానికి నేను దిగను.

అయినా నీ తృప్తి కోసం పరీక్ష పెట్టాను. 'అక్కా, అంతర్వేది తీర్థంలో మనం చెరుకు గడలు కొనుక్కునేవాళ్ళం, గుర్తుందా?' అన్నాను. 'ఆయ్, తీర్థమంటే చెరుకేనండి' అంది. ఇంకేం కావాలి?

ఇవాళ అంజిబాబు నన్ను బండి మీద ఆనెగొంది తీసుకెళ్ళాడు. హంపీకి ముందు రాజధాని అదేనట, ఏటికి ఇవతల ఒడ్డు. అంటే హంపీకి అది పెద్దక్క అన్నమాట. నీలాగే పాతగా, కోపంగా, గట్టిగా ఉంది. ఏటిలో పుట్టి ఎక్కాను. గుండ్రంగా, పెద్ద జల్లెడలా ఉంటుంది. పడవ నడిపేవాడు దాన్ని గిర్రున తిప్పాడు. కొండలు, గోపురాలు, అరటితోటలు, రాయలవారి సేనలు, అన్నీ నా చుట్టూ తిరిగాయి. ఈ వయసులో అంత గట్టిగా నవ్వకూడదట, ఒడ్డున ఎవరో అన్నారు. నవ్వాను.

ఒకటి మాత్రం నాకూ మనసులో ఉంది. ఆవిడ ఆ చీర కట్టుకోలేదు. మడత కూడా విప్పలేదు, దేవుడి గదిలో పీట మీద పెట్టింది. 'కట్టుకో అక్కా' అంటే 'ఆయ్, చూద్దామండి' అంటుంది. అంజిబాబేమో నిన్నటి నుంచి ఏ క్యాంపు వాళ్ళకో ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. నన్ను చూడగానే మాట ఆపేస్తున్నాడు.

తమ్ముడు

*

అప్పనపల్లి
12 డిసెంబరు 2024

పేరు అడుగు. అడిగేదాకా నాకు ఉత్తరం రాయకు.

వీరాయమ్మ ఎక్కడో ఇంకా బస్సులు చూస్తూ కూర్చుని ఉంటుంది.

అప్పాయమ్మ

*

ఏడో తూము క్యాంపు
14 డిసెంబరు 2024

అక్కకి సాష్టాంగ నమస్కారాలు.

పైన ఊరి పేరు చూశావు కదా. ఇప్పుడు తిట్టడం మొదలుపెట్టు. మధ్యలో మాత్రం ఆపి చదువు.

నీ చివరి ముక్క చదివాక అన్నం దిగలేదు. నిన్న పొద్దున్న కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, 'అక్కా, నీ పేరేంటి?' అన్నాను. కోడలు పొయ్యి కట్టేసింది. బావగారు పేపరు దించారు.

'సత్యనారాయణమ్మండి. మాది ఉప్పలగుప్తమండి' అంది ఆవిడ.

నేను లేచి నిలబడ్డాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. 'మరి ముందే చెప్పొద్దాండీ?' అన్నాను. అక్క కాస్తా అండీ అయిపోయింది.

'చెప్దామనేనండి నోరు తెరిచేను. మీరు చీర చేతిలో పెట్టేసి ఏడిచేసేరు. సరే, అన్నం తిన్నాక చెప్దామనుకున్నాను. మీరు హంపీ మొదలెట్టేరు. పొద్దున్న చెప్దామని వస్తే ఏనుగుల సాల దగ్గరున్నారు. మధ్యాన్నానికి రాతిరథం దాకా వచ్చేరండి. మీరు ఆగితే కదండీ' అంది.

అక్కా, నా జీవితంలో నా నోటి గురించి చాలామంది చాలా అన్నారు. ఇంత మర్యాదగా ఎవరూ అనలేదు.

అప్పుడు బావగారు గొంతు సవరించుకున్నారు. 'చెప్పొద్దన్నది నేనండి. మా ఆవిడకి అన్నదమ్ములు లేకుండా పోయేరు. వాళ్ళ ఇల్లున్న చోట ఇప్పుడు రొయ్యల చెరువుందంట. ఈ అరుగు మీద నన్ను బావా అని పిలిచిన మొగోడు లేడండి. నాలుగు రోజులు పిలిపించుకుందామనిపించింది. తప్పయితే తిట్టండి' అన్నారు.

తిట్టడానికి నాకు మాట రాలేదు. నాకే రాలేదు, ఆలోచించు.

ఇంకా విను. నీ ఉత్తరాలన్నీ అంజిబాబు ఫోనుకే కదా వచ్చాయి. నాకు చూపించే ముందు వాడు చదివాడు, తల్లికి చదివి వినిపించాడు. నీ మాటల్లోనే వాళ్ళకి వీరాయమ్మ పేరు తెలిసిందట, నా మూటలోని కాగితంలో ఏడో తూము అన్న పేరు చూశారట. అప్పటి నుంచే ఆ క్యాంపులో ఆవిడ ఇల్లెక్కడో వాకబు చేస్తున్నారు. నువ్వు 'ఎలాంటి మనిషి' అని రాసింది కూడా సత్యనారాయణమ్మగారు విన్నది. 'మీ అక్కగారు న్యాయంగానే అడిగేరండి. కుంకుమ మాత్రం పెట్టుకున్నాను, వద్దనకూడదు కదండీ. చీర ముట్టుకోలేదు. అది ఎవరిదో వాళ్ళకిచ్చేద్దాం, పదండి' అంది.

అంజిబాబు కారు తీశాడు. దేవుడి గదిలోంచి చీర తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, ఆవిడే ముందు కూర్చుంది.

ఏడో తూము క్యాంపులో బస్సు ఆగేచోటికి ఎదురుగా డాబా ఇల్లు. ఒక్క కొబ్బరిచెట్టు లేదు. కాలవ వెడల్పు చేసినప్పుడు కొట్టేశారట. చెట్లు చూసుకుంటూ వెళితే నేను బళ్ళారి దాకా వెళ్ళిపోయేవాణ్ణి. కారు ఆగగానే గుమ్మంలో ఒక మనిషి తల వంచుకుని బయటికి వచ్చింది. గుమ్మం చిన్నది కాదు అక్కా, ఆవిడే పొడుగు. బయటికి వచ్చి తల ఎత్తితే నేను పైకి చూడాల్సి వచ్చింది.

నేను నోరు తెరిచేలోపే, 'ఏరా, నువ్వు సూర్యానివి కదూ? ఆ చెవులు పెదనాన్నవే. నా పెళ్ళిలో బూరెలు తిని కడుపునొప్పని గోల చేసింది నువ్వే కదరా? అప్పాయి ఎలా ఉంది? చెవులు పోయాయా? మా ఆయన పోయి ఆరేళ్ళయింది. నించున్నావేం, రా' అంది.

ఏరా అంది అక్కా. ఆ ఒక్క మాటకి నా ప్రాణం లేచి వచ్చింది. తరవాత సాయంత్రం దాకా నాకు మాట్లాడే అవకాశం రాలేదు. హంపీ వెళ్ళానని చెబితే, 'రాళ్ళేగా' అని తన గేదె సంగతి ఎత్తుకుంది.

కుంకుమ పొట్లం సంగతి గుర్తుందా? నేను సరిగ్గా వచ్చి ఉంటే, నా తొందరలో అడక్కుండా ఆవిడ చేతిలోనే పెట్టేసేవాణ్ణి. అది చేరవలసిన చోటికే చేరింది.

చీర సంగతే తేలలేదు. సత్యనారాయణమ్మగారు చీర తీసి వీరాయమ్మ అక్క చేతిలో పెట్టి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. చిన్నక్క విని, 'ఈవిడ నీకేమవుతుందిరా?' అంది నన్ను.

ఏం చెప్పను? నాలుగు రోజులు ఆవిడ వండింది తిన్నాను, ఆవిడ ముందు ఏడ్చాను. 'అక్క' అన్నాను.

'అయితే చీర ఆవిడదే. పుట్టింటి చీర చేతిలో పడ్డాక వెనక్కి తీసుకుంటారా?' అంది చిన్నక్క.

'అయ్యో, మీ కోసం నేయించిందండి.'

'నీ చేతిలో పెట్టాడమ్మా.'

'తెలియక పెట్టేరండి.'

'తెలిసే అక్క అన్నాడు ఇప్పుడు.'

చీర అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. టీలు చల్లారిపోయాయి, మళ్ళీ పెట్టారు, అవీ చల్లారాయి. ఇద్దరూ గోదావరి మనుషులే కదా, ఎవరు తగ్గుతారు? ప్రస్తుతం చీర ఇద్దరి మధ్యా స్టూలు మీద ఉంది. మొత్తానికి ఈ ఇంట్లో స్టూలు అవసరం పడింది.

'పంపింది అప్పాయి కదా, దాన్నే తేల్చమను' అంది చిన్నక్క చివరికి. ఎల్లుండి అబ్బులు బస్సు తిరిగి వస్తుంది. ఆలోపు నీ తీర్పు రాయి. నన్ను ఏమన్నా పడతాను.

తమ్ముడు

*

అప్పనపల్లి
15 డిసెంబరు 2024

తమ్ముడు సూర్యారావుకి, పక్కనే ఉండి వినే అందరికీ, అప్పాయమ్మ దీవించి రాసేది.

అంజిబాబూ, ఇది మీ అమ్మగారికి ముందు చదివి వినిపించు.

అమ్మా సత్యనారాయణమ్మా, ఎలాంటి మనిషి అని రాశాను. ఎలాంటి మనిషివో ఇప్పుడు తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చీర మాత్రం వెనక్కి తీసుకోను. అది మా తమ్ముడు తన చేత్తో పెట్టాడు, కాబట్టి నీదే. ఇవాళే మడత విప్పి కట్టుకో. మీ ఆయన్ని కూడా అడిగానని చెప్పు. బావా అని పిలిపించుకోవాలంటే నాలుగు రోజులు దొంగచాటుగా ఎందుకు, మా ఇంట్లో పిలిచేవాళ్ళు చాలామంది ఉన్నారు.

వీరాయీ, నీ చీర ఇక్కడుంది. నువ్వు స్టూలు ఎక్కావని వీడు రాసిన మర్నాడే ఉమాదేవిని తీసుకుని బండారులంక వెళ్ళాను. అదే రంగు, అదే అంచు దొరికింది. మళ్ళీ వీడి చేత పంపేంత ధైర్యం నాకు లేదు. పుట్టింటి చీర పుట్టింట్లోనే పెడతాను. మాఘంలో అంతర్వేది కల్యాణానికి రండి, ఇద్దరూ రండి. ముగ్గురం కలిసి తీర్థంలో చెరుకు గడలు కొనుక్కుందాం. పళ్ళు లేకపోయినా చేత్తో పట్టుకు తిరుగుదాం.

సూర్యం, నిన్ను తిట్టాలని మొన్నటి నుంచి కాగితాలు దగ్గర పెట్టుకున్నాను. నరసింహస్వామి నడుము మీద చెయ్యి సంగతి గుర్తొచ్చి వదిలేశాను. నువ్వు తప్పిపోబట్టి ఒక అక్క ఎక్కువ దొరికింది. నువ్వు తిరిగొచ్చాక రాతి విస్తళ్ళ సంగతి మొదటి నుంచి నాకు చెప్పు, నెయ్యి గుంటతో సహా. నాకు వినపడదు, కాబట్టి ఎంతసేపు చెప్పినా ఫరవాలేదు.

మాఘంలో వాళ్ళని వెంటబెట్టుకొచ్చేటప్పుడు ఒక్కటి గుర్తు పెట్టుకో. ఇక్కడ ప్రతి ఇంటి ముందూ కొబ్బరిచెట్లే. బోర్డు చదివి దిగు.

అక్క